రామాలయమున పాడు రైతు

విత్తనశుద్ధి, పచ్చిరొట్ట ఎరువులు, దోమపోటు, కాలువ నీటి వంతులు మొదలగు విషయములను గూర్చి ఈ పత్రికలో పలుమార్లు వ్రాసియుంటిని. ఈ మాసము పంటను గాక, పంట పండించువాని పాటను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. సంఘ సభ్యులు దీనిని అప్రస్తుతమని యెంచరని నమ్ముచున్నాను. ఏలయన, మన పల్లెలలో పాట యనునది తీరికగలవారి సొత్తుగా ఎన్నడును ఉండలేదు. నాటు వేయుచోట, ధాన్యము దంచుచోట, ఏతము తొక్కుచోట, బిడ్డను నిదురపుచ్చుచోట పాట యుండెను. పని చేయువారే పాడినవారు.

సంగీతమును వృత్తిగా గైకొనినవారికి గురుకులవాసము, సభలు, సన్మానములు గలవు. వారుగాక మరియొక తెగవారు మన నడుమనే యున్నారు. పగలెల్ల పొలమున పాటుపడి, రాత్రి భోజనమైన పిమ్మట రామాలయమునకు వచ్చి, తాళములు చేతబట్టి జాములకొలది పాడుదురు. వారికి ఎవరును కాసు ఈయరు, వారును అడుగరు. పత్రికలలో వారి పేర్లు పడవు. అట్టివాని జీవితమున పాట ఎట్లు ప్రవేశించును? అరువది డెబ్బది యేండ్లు ఎట్లు నిలుచును? గొంతు ముదిరిన పిమ్మట ఏమగును? ఈ ప్రశ్నలు నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నవి.

ఉద్యోగరీత్యా దివిసీమ గ్రామములలో తిరుగునపుడు అట్టి పెద్దాయన యొకరితో నాకు పరిచయము కలిగినది. నాలుగెకరముల మాగాణి గల రైతు. వయస్సు ఎనుబదికి చేరువ. తన పేరు పత్రికలో వేయుట ఆయనకు ఇష్టము లేదు. “పేరెందుకు బాబూ, మా ఊళ్లో పాడేవాళ్లందరూ నాలాంటోళ్లే” అని నవ్వివేసెను. ఆయన మాటలను, ఆయన పాటకు వెనుకనున్న చరిత్రను కలిపి ఇచట వ్రాయుచున్నాను.

తల్లి వెంట నేర్చిన వంత

“మొదటి పాట ఎవరి వద్ద నేర్చుకొంటిరి?” అని అడుగగా, “గట్టు మీద కూర్చుని నేర్చుకున్నా” అనెను. నాట్ల దినములలో తల్లి ఆయనను గట్టుమీద కూర్చుండబెట్టి మడిలోనికి దిగెడిది. ముందు వరుసలోని యొక స్త్రీ పాట ఎత్తుకొనగా తక్కినవారందరు వంత పాడుచు నాటెడివారు. ఆరేండ్ల బాలుడు గట్టుమీదినుండియే వంత అందుకొనెడివాడు. తాళము వేరుగ నేర్పవలసిన పని లేకపోయెను. నారుకట్ట విప్పుట, వంగుట, మొక్క గ్రుచ్చుట, ఈ మూడింటిలోనే తాళ మున్నది.

ఇది నిన్న మొన్నటి సంగతి గాదు. పదుమూడవ శతాబ్దమువాడైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగు ప్రజల పాటలను పేర్కొనెను. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) వేంకటేశ్వరునిపై సంకీర్తనలు రచించునపుడు, దంపుళ్లలోని సువ్వి పాటలను, లాలి పాటలను, గొబ్బి పాటలను పల్లె జనుల నోటినుండియే గ్రహించెను. కాబట్టి కవులు పల్లెలకు పాట తెచ్చి యిచ్చుటయే గాక, పల్లెలనుండి పాట తీసికొనిపోవుటయు జరిగినది.

భజన మేళమున చేరుట

తొమ్మిదవ యేట ఆయన రామాలయపు భజనలో చేరెను. భజన క్రమము మీ రందరు ఎరిగినదే. ముందు పాడువాడు పల్లవి ఎత్తుకొనును, తక్కినవారు దానిని మరల పాడుదురు, అట్లే చరణములును. ఎట్టి గొంతువాడైనను, రాగజ్ఞానము లేనివాడైనను ఈ పద్ధతిలో ఇముడును. త్యాగరాజస్వామి (1767–1847) సభలయందు పాడదగిన పెద్ద కృతులు రచించుటతో పాటు, పదుగురు కూడి పాడుటకు దివ్యనామ కీర్తనములను గూడ రచించెను. వానిలో పెక్కింటికి చరణములన్నియు ఒకే వరుసలో నడచును. ఒక చరణము పట్టుపడినచో తక్కినవన్నియు పట్టుపడును. అంతటి విద్వాంసుడు పామరుల గొంతును మరువలేదని దీనివలన తెలియుచున్నది.

భజన గురువు చదివినది నాల్గవ తరగతి. స్వరములు వ్రాయుట ఆయనకు రాదు. ఆయన పాడును, పిల్లలు పాడుదురు, తప్పినచోట తాళముతో నేలపై కొట్టి ఆపును. రామదాసు కీర్తనలు, దివ్యనామములు, తరంగములు, తత్త్వములు, మంగళహారతులు ఈ విధముగానే వచ్చినవి. మన పెద్దాయన వానిని ఒక రూళ్ల పుస్తకమున వ్రాసికొనెను.

పదునాలుగవ యేట గొంతు విరిగినది. ఆ వయస్సున మగపిల్లల కంఠము పెరుగును. స్వరతంత్రులు పొడవై దట్టమగును. గొంతు సుమారు ఒక స్థాయి దిగును. ఎదిగిన పురుషుని స్వరతంత్రుల పొడవు ఇంచుమించు 17 మొదలు 25 మిల్లీమీటర్లు. అనగా రెండు మూడు వడ్లగింజలు వరుసగా పేర్చినంత. మాటలాడునపుడు అవి సెకనుకు నూరు మారులకు పైగా కంపించును. ఈ మార్పు తెలియక ఎందరో పిల్లలు “నా గొంతు పోయినది” అని పాట విడిచిపెట్టుదురు. మన పెద్దాయన కూడ అట్లే అనుకొని రెండు నెలలు రామాలయము వైపు పోలేదట. గురువు ఇంటికి వచ్చి, “పాడకపోతే మానె, మద్దెల దగ్గర కూర్చో” అని పిలిచికొనిపోయెను. అట్లు కూర్చుండుటచే తాళము గట్టిపడెను. క్రొత్త గొంతు కుదిరిన పిమ్మట మరల పాటలోనికి వచ్చెను.

ఆయన గ్రామమునకు మిక్కిలి దూరము గాని మువ్వ క్షేత్రయ్య జన్మస్థలమని ప్రతీతి. కూచిపూడి ఆ చేరువనే యున్నది. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. 1951లో కీర్తిశేషులైన ఈ పంతులుగారిది కృష్ణాతీరమునందలి శ్రీకాకుళ గ్రామము. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) వారి శిష్యుడే. ఇట్టి సంగీతభూమికి ప్రక్కనే పుట్టియు మన పెద్దాయన విద్వాంసుని వద్దకు పోలేదు. తండ్రికి ఒక్కడే కొడుకు. పొలము విడిచిపోవుటకు వీలు లేదు. విజయవాడ రేడియో కేంద్రము 1948లో ప్రారంభమైనది గదా. పంచాయితీ రేడియో వద్ద తెల్లవారుజామున నిలువబడి భక్తిరంజని వినుటయే ఆయనకు పాఠశాల. “విచారము కలుగలేదా?” అని అడిగితిని. “కచేరీ చేసేవాడికి గొంతు బాగాలేని రోజు భయం. నాకు ఆ భయం లేదు. బాగాలేని రోజు పక్కవాడు మోస్తాడు” అనెను.

హార్మోనియము

భజనలో శ్రుతికి ఆధారమైన హార్మోనియమును గూర్చి కొంత చెప్పవలెను. ఈ పెట్టె మన దేశమున పుట్టినది కాదు. 1842లో పారిస్ నగరమున అలెగ్జాండరు డెబేను దానికి పేటెంటు పొందెను. అది కాళ్లతో తిత్తులు త్రొక్కుచు బల్లయెదుట కూర్చుండి వాయించునది. కలకత్తాలో ద్వారకానాథ ఘోషు దానిని నేలపై కూర్చుండి, ఒక చేత తిత్తి కొట్టుచు వేరొక చేత వాయించుటకు వీలుగా మార్చెను. స్వరముల నడుమ గమకమును పలికింపజాలదని ఆకాశవాణి 1940లో దీనిని నిషేధించి, 1971 వరకు ఆ నిషేధమును పాటించెను. ఆ ముప్పది యేండ్లును పల్లెల రామాలయములలో హార్మోనియము మ్రోగుచునే యుండెను. పదుగురు వేరు వేరు గొంతులవారిని ఒక శ్రుతిలో నిలుపుటకు అంతకంటె సులభసాధనము పల్లెవారికి దొరకలేదు.

1977వ సంవత్సరపు ఉప్పెన

1977 నవంబరు 19వ తేదీ కార్తిక మాసమున వచ్చినది. ఆనాటి తుపానులో సముద్రము దివిసీమపై పడినది. వేలకొలది ప్రజలు, లెక్కకు మిక్కిలిగా పశువులు మరణించిరి. మన పెద్దాయన కుటుంబము ఒక డాబాయింటిపై తలదాచుకొని బ్రతికెను. భజనలో కూడి పాడిన పదునలుగురిలో ఐదుగురు లేకపోయిరి. చిన్ననాటినుండి ప్రక్కన కూర్చుండి మద్దెల వాయించిన స్నేహితుడు వారిలో నొకడు. హార్మోనియము కొట్టుకొనిపోయెను. పాటల పుస్తకము బురదలో దొరకెను గాని అక్షరము మిగులలేదు.

పొలమును ఆయన వెంటనే పట్టుకొనెను. ఉప్పు పట్టిన నేలకు కాలువ నీరు నిండుగ పెట్టి తీసివేయుచు, జీలుగ చల్లి కలియదున్నుచు బాగుచేసికొనెను. పాటను మాత్రము పట్టలేదు. మూడు ధనుర్మాసములు రామాలయమున నగర సంకీర్తన లేదు. ఎవరును ఎవరిని అడుగలేదు.

నాల్గవ యేట ధనుర్మాసమున పొరుగూరి భజనవారు తమ హార్మోనియముతో వచ్చి రామాలయమున కూర్చుండి పల్లవి పాడి నిలిపిరి. రెండు మేళములు ఎదురెదురుగ పాడునపుడు, ఒకరు విడిచిన పల్లవిని మరియొకరు అందుకొనుట మర్యాద. ఊరివారు తలలు వంచుకొని యుండిరి. తరువాత జరిగినది ఆయన మాటలలోనే వ్రాయుచున్నాను. “పక్కూరోళ్లు పల్లవి పాడి ఆగారు. అందుకోకపోతే పాట పడిపోద్ది గదా. అందుకున్నా.”

ఆ రాత్రి తెలియవచ్చిన దేమనగా, పుస్తకము పోయినను పాటలు పోలేదు. ఒకనికి మొదటి చరణము, మరియొకనికి మూడవది, పొరుగూరి వృద్ధునికి హారతి, ఒక స్త్రీకి తన తండ్రి పాడిన తత్త్వము జ్ఞాపకమున్నవి. ఆ చలికాలమంతయు ఇంటింటికి పోయి అడిగి, క్రొత్త పుస్తకమున వ్రాసికొనిరి. మూడు పాటలకు చివరి చరణములు ఎంత వెదకినను దొరకలేదు. ఆ స్థలమును నేటికిని తెల్లగా విడిచియుంచిరి. నేనా పుస్తకమును చూచితిని.

రాగిరేకు, మనుష్యుని గొంతు

అన్నమాచార్యుని సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమునందలి ఒక అరలో భద్రపరుపబడినవి. ఇరువదవ శతాబ్దమున అవి వెలికి వచ్చినప్పుడు వేలకొలది సంకీర్తనల సాహిత్యము చెక్కుచెదరక దొరకెను. రాగముల పేర్లును దొరకెను. కాని పాడు వరుసలు దొరకలేదు. ఏలయన వానిని పాడుచు వచ్చిన పరంపర తెగిపోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మొదలగు విద్వాంసులు పెక్కింటికి క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చెను.

భద్రాచల రామదాసను పేర ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న సంగతి వేరు. ఆయన నేలకొండపల్లివాడు, పదునేడవ శతాబ్దమున గోల్కొండ ప్రభువైన తానీషా కాలమున పాల్వంచ పరగణా తహసీలుదారు. శిస్తు వసూలు చేయుట ఆయన ఉద్యోగము; పాడుట ఆయన ప్రాణము. ఆయన కీర్తనలు ముఖ్యముగా భజనపరుల నోటనే నిలిచినవి. ఊరూరికి వరుస కొంత మారియుండవచ్చును. మాట కొంత జారియుండవచ్చును. అయినను నేటి రాత్రి ఏ రామాలయమునకు పోయినను వానిని పాడువారు కలరు. రాగి మాటను కాచినది. వరుసను కాచినది మనుష్యుల గొంతు. రెండును అవసరమే. రెండవది మాత్రము కొని దాచిపెట్టుటకు వీలుగానిది. ప్రతి తరమువారును స్వయముగా పాడినగాని అది నిలువదు.

నేను చదువుకొనిన మిషను పాఠశాలలోను ఇదే చూచితిని. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారి తెలుగు క్రైస్తవ కీర్తనలకు పైన రాగము, తాళము అచ్చువేయబడియుండెడివి. వానిని చూచి పాడగలవారు మాలో ఒక్కరును లేరు. ముందు బల్లపై కూర్చుండిన పెద్దపిల్లల నోటినుండియే వరుస మాకు దిగినది.

గొంతును కాపాడుకొనుట

వయస్సు మీరినకొలది స్వరతంత్రుల కండ పలుచనగును. కంఠమునందలి మృదువైన ఎముక గట్టిపడును. ఊపిరి నిలుపు శక్తి తగ్గును. మన పెద్దాయన ముప్పదియేండ్ల వయస్సున రెండున్నర శ్రుతిలో పాడెడివాడు. ఇప్పుడు ఒకటవ శ్రుతికి దిగెను. అనగా హార్మోనియముపై మూడు మెట్లు. శ్రుతి తగ్గించుకొనుట అవమానమని కొందరు పట్టుదలతో పైకి అరచి ఉన్న గొంతును పాడుచేసికొందురు. అట్లు చేయరాదు. పాడువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

చుట్ట, బీడి గొంతునకు ప్రథమ శత్రువులు. నూర్పిడి దినములలోను, ఊక ఎగురునపుడును ముక్కునకు నోటికిని గుడ్డ కట్టుకొనవలెను. పురుగుమందు చల్లిన దినమున స్నానము చేసి బట్టలు మార్చుకొనక రామాలయమున కూర్చుండరాదు. ఏకాహములలో రాత్రియంతయు ఒక్కరే పాడక వంతులు వేసికొని, నడుమ నడుమ నీరు త్రాగవలెను. గొంతు బొంగురుపోయినపుడు పాటకు రెండు మూడు దినములు సెలవీయవలెను. ఆ బొంగురు మూడు వారములు దాటినను తగ్గనిచో వైద్యునికి తప్పక చూపవలెను. దానిని అలక్ష్యము చేయుట ప్రాణాపాయము.

కూడి పాడుటవలన మేలు కూడ కలదు. స్వీడను దేశమందలి గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయమువారు 2013లో ఈ విషయమును పరీక్షించిరి. పలువురు ఒకే పాటను కలిసి పాడునపుడు వారి ఊపిరి ఒక్క పద్ధతిని నడచుటచే, గుండె వేగములు కూడ ఇంచుమించు కలిసియే హెచ్చుచు తగ్గుచునుండునని కొలిచి చూపిరి. మన భజనపరులకు కొలత తెలియకపోవచ్చును, అనుభవము తెలియును.

ఇప్పటి స్థితి

ఇప్పుడు ఉప్పెన రాలేదు. అయినను పెక్కు గ్రామములలో రామాలయము మూగపోవుచున్నది. ధనుర్మాసమున తెల్లవారుజామున మైకులో పాట మ్రోగుచునే యుండును. అది ఎచటనో ఎవరో పాడి నింపిన పాట. మీట నొక్కి పూజారి తన పని చూచుకొనును. వినుట తప్పని నేననను. గొప్ప విద్వాంసుని పాట పొలముగట్టుపై సెల్‌ఫోనులో వినగలుగుట మన తాతలెరుగని భాగ్యము. కాని వినుటవలన ఒక చరణమైనను మన నోటికి రాదు. ఉప్పెన పిమ్మట ఆ గ్రామమువారు పాటలను ఇంటింట దొరకించుకొనిరి. ఏలయన వారు పాడినవారు. విన్నవారు మాత్రమే అయియున్నచో ఏ యింటను ఏమియు దొరకెడిది కాదు.

మన పెద్దాయనకు డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట పల్లవి ఎత్తుకొనుటకు ఊపిరి చాలకపోయెను. ఆ స్థానమునకు ఎవరు అను ప్రశ్న వచ్చెను. యువకులలో ముందుకు వచ్చినవారు లేరు. నాట్ల కూలికి పోవు ఒక స్త్రీకి పాటలన్నియు వచ్చును, గొంతు నిబ్బరమైనది. రామాలయమున మగవారి మేళమునకు ఆడుది ముందు పాడుట ఎన్నడు లేదని కొందరు పెద్దలు ఆక్షేపించిరి. పెద్దాయన తన తాళములు ఆమె చేత పెట్టి, “నాకు వంత నేర్పింది నాట్లేసే ఆడోళ్లే గదా” అని వెనుక వరుసకు పోయి కూర్చుండెను. ఇద్దరు ముగ్గురు ఆ దినము లేచిపోయిరి. ఒకరు తరువాత తిరిగి వచ్చిరి.

సంఘ సభ్యులకు నా మనవి స్వల్పమైనది. మీ గ్రామమున భజన నిలిచిపోయి యున్నచో వారమున కొక్క రాత్రి తిరిగి మొదలు పెట్టుడు. పెద్దల నోటనున్న పాటలను ఒక పుస్తకమున వ్రాయించుడు. వరుసను ఫోనులో పట్టియుంచుడు. అంతటితో నిలువక పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి వంత పాడింపుడు. గొంతు విరిగిన పిల్లవానిని ఇంటికి పంపక మద్దెల యొద్ద కూర్చుండబెట్టుడు. ఇందుకు చందా అక్కరలేదు. ఒక చాపయు ఒక దీపమును చాలును. సహకార సంఘమున ఒకని వాటా చిన్నదైనను అది లేక మూలధనము పూర్తి గానట్లు, భజనలో అంతంతమాత్రపు గొంతును అవసరమే.

గత సంక్రాంతికి ముందు నేనా గ్రామమునకు మినుము చేలలో తెగులు చూచుటకు పోయినపుడు, తెల్లవారుజామున నగర సంకీర్తన వీధిలో వచ్చుచుండెను. ఎనిమిదిమంది యుండిరి, వారిలో ముగ్గురు పిల్లలు. పల్లవి ఆ స్త్రీ ఎత్తుకొనుచుండెను. పెద్దాయన అందరికంటె వెనుక కఱ్ఱ పట్టుకొని నడచుచు, ఊపిరి అందినంత మేరకు వంత పాడుచుండెను. అందనిచోట ప్రక్కనున్న బాలుడు పాడుచుండెను.